సరళరేఖ సమీకరణం: మనవరాలికి ఒక ఉత్తరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఏ లెక్కకు ఏ సూత్రం వాడాలో తెలియడం లేదని రాశావు. వాలు-బిందు రూపం, రెండు బిందువుల రూపం, వాలు-అంతరఖండ రూపం అంటూ వరుసగా ఇచ్చేసరికి అవన్నీ వేరువేరని నీకు అనిపించి ఉంటుంది. కావు తల్లీ. రేఖ గురించి తెలియాల్సినవి రెండే: దాని వాలు ఎంత, అది ఏ బిందువు గుండా పోతోంది. వాలు-బిందు రూపాన్ని గట్టిగా పట్టుకో, మిగతావి అందులోంచే వస్తాయి.

ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుందో చెప్పేదే వాలు. థర్మామీటరు సంగతే చూడు. నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఫారన్‌హీట్‌లో అది 32. మరిగేది 100 దగ్గర, అక్కడ 212. (0, 32), (100, 212) అని రెండు బిందువులు దొరికాయి. సెల్సియస్ 100 పెరిగితే ఫారన్‌హీట్ 180 పెరిగింది, కాబట్టి వాలు 9/5. ఎక్స్ సున్నా అయినప్పుడు వై 32, అదే వై-అంతరఖండం. సమీకరణం వై = (9/5)ఎక్స్ + 32. ఎక్స్ చోట 37 పెట్టు, 98.6 వస్తుంది. జ్వరం లేనప్పుడు ఒంటి వేడి ఇంతని మనం చెప్పుకునే అంకె అలా లెక్కలోంచి బయటికి వస్తే నాకు ఇప్పటికీ ఎంతో సంతోషం.

అంతరఖండం ప్రతిసారీ ఇలా నేరుగా దొరకదు. (2, −1), (−4, 3) ఇచ్చారనుకో. ముందు చిత్తుగా బొమ్మ గీసుకో. రేఖ ఎడమ నుంచి కుడికి దిగుతోంది, కనుక వాలు రుణాత్మకం కావాలి. ధనాత్మకం వచ్చిందంటే ఎక్కడో తప్పు పడినట్టే. సాధారణంగా జరిగే తప్పేమిటంటే, వాలు కట్టేటప్పుడు పైన రెండో బిందువులోంచి మొదటిది తీసేసి, కింద మొదటిదానిలోంచి రెండోది తీసేస్తారు. పైన వై తేడా, కింద ఎక్స్ తేడా, రెండింటిలోనూ తీసే క్రమం ఒకటే ఉండాలి. పైన 3 − (−1), అంటే 4. కింద −4 − 2, అంటే −6. వాలు −2/3. బ్రాకెట్లు పెట్టడానికి బద్ధకించకు.

వాలు-బిందు రూపం అంటే ఇదే: వై − (బిందువు వై) = వాలు × (ఎక్స్ − (బిందువు ఎక్స్)). ఇప్పుడు అందులో (2, −1) పెడితే వై + 1 = (−2/3)(ఎక్స్ − 2). భిన్నాన్ని చివరిదాకా మోయకు, వెంటనే రెండు వైపులా 3తో గుణించు: 3వై + 3 = −2ఎక్స్ + 4. సర్దితే 2ఎక్స్ + 3వై = 1. సరిచూడడానికి మాత్రం (−4, 3) తీసుకో. వాలు తప్పుగా కట్టినా (2, −1) సరిపోతుంది, ఎందుకంటే రేఖను దాని మీదుగానే గీశాం. వాడని బిందువే నిజం చెబుతుంది: −8 + 9 = 1, సరిపోయింది.

(4, 1), (4, 6) లాంటివి వస్తే వాలు జోలికి పోకు. కింద సున్నా వస్తుంది, భాగించలేం. అది నిలువు రేఖ, సమీకరణం ఎక్స్ = 4.

(−1, 7), (3, −1) గుండా పోయే రేఖను కట్టి, సరిచూసిన వరుసతో సహా ఫోటో తీసి పంపు. జవాబు ఒక్కటే పంపితే ఒప్పుకోను.

నీ తాతయ్య