అయనావరణంలో ఆటుపోట్లు: పరిశోధనకు ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: భౌతికశాస్త్రంలో డిగ్రీ చదువుతున్నాను. వాతావరణ ఆటుపోట్లు, గ్రహ తరంగాలు భూ అయస్కాంత క్షేత్రంలోనూ అయనావరణంలోనూ తెచ్చే మార్పులపై పరిశోధన చేయాలని ఉంది. పీజీలో వాతావరణ శాస్త్రం తీసుకోవాలా, అంతరిక్ష భౌతికశాస్త్రమా?

జవాబు: మీరు ఎంచుకున్న విషయం ఆ రెండింటి సరిహద్దులో ఉంది. అయనావరణం అంటే సూర్యకిరణాల వల్ల గాలి విద్యుదావేశం పొందే పై పొర; వాతావరణ ఆటుపోట్లు అంటే సముద్రంలోలా గాలిలో నియమిత వేళల్లో వచ్చే హెచ్చుతగ్గులు. నీటి ఆవిరి, ఓజోన్ సూర్యరశ్మిని పీల్చుకొని వేడెక్కడం వల్ల 24 గంటల, 12 గంటల ఆవర్తనంతో పుట్టే ఆటుపోట్లు, గాలి పలచబడేకొద్దీ బలం పుంజుకొని, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తు దాటాక అయనీకరణం చెందిన గాలిని అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా నెడతాయి. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రవాహాలే నేల మీది మాగ్నెటోమీటర్లలో (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాల్లో) రోజువారీ హెచ్చుతగ్గులుగా నమోదవుతాయి. 1882లోనే బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త బాల్ఫోర్ స్టీవర్ట్ ఈ దిశగా ఆలోచించారు. కనుక కోర్సు పేరు కాక, అందులో ద్రవగతిశాస్త్రం (ద్రవాలు, వాయువుల కదలికల శాస్త్రం), విద్యుదయస్కాంత శాస్త్రం రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటే దొరికే పక్షంలో ద్రవగతిశాస్త్రం ఉన్నదాన్నే ఎంచుకోమంటాను. గురువు లేకుండా అది పట్టుబడటం కష్టం.

ఇంతకంటే ముఖ్యమైనది దత్తాంశాన్ని (డేటాను) అనుమానంతో చదివే నేర్పు. ఉదాహరణకు, దాదాపు 16 రోజుల ఆవర్తనం గల గ్రహ తరంగం (భూగోళమంతా వ్యాపించే భారీ గాలి అల) 12 గంటల ఆటుపోటుతో కలిసినప్పుడు సుమారు 12.4 గంటల కొత్త తరంగం పుడుతుంది. చంద్రుడి ఆకర్షణ వల్ల కలిగే ఆటుపోటు ఆవర్తనమూ 12.42 గంటలే. కొద్ది వారాల రికార్డులో, ఒకే కేంద్రం నుంచి చూస్తే, ఈ రెండింటినీ విడదీయలేం. వేర్వేరు రేఖాంశాల మీది కేంద్రాలను పోల్చి, తరంగం ఏ దిశగా, ఎంత వేగంతో కదులుతోందో తేల్చాలి. ఈ రంగంలోని వాదోపవాదాలు చాలావరకు ఇలాంటి చోటే మొదలవుతాయి.

ఇప్పటి నుంచే పైథాన్ నేర్చుకొని, ప్రపంచవ్యాప్త అయస్కాంత పరిశీలన కేంద్రాల సమాఖ్య ఇంటర్‌మాగ్నెట్ దత్తాంశం తీసుకొని, అయస్కాంత మధ్యరేఖకు (భూ అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే రేఖకు) దగ్గరలోని ఒక కేంద్రంలో 2009 జనవరి రికార్డును విశ్లేషించండి. ఆ నెలలో ఉత్తర ధ్రువంపై స్ట్రాటోస్ఫియర్ (సుమారు 10–50 కిలోమీటర్ల ఎత్తులోని వాతావరణ పొర) హఠాత్తుగా వేడెక్కింది. దాని ప్రభావం వేల కిలోమీటర్ల దూరాన భూమధ్య ప్రాంతపు అయనావరణం వరకూ కనిపించింది. ఈ పని విసుగు పుట్టించకపోతే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

ఉద్యోగాల మాటకొస్తే, శుద్ధ పరిశోధనలో స్థానాలు తక్కువ, పీహెచ్‌డీ తప్పనిసరి. అయితే ఉపగ్రహ సమాచార వ్యవస్థలకూ జీపీఎస్ దోషాల సవరణకూ అయనావరణం తెలిసినవారు కావాలి. పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు, వారి బృందం పరిశీలనలతోపాటు కంప్యూటర్ నమూనాలనూ వాడుతోందా అని తప్పక అడగండి.