పాత సామానుతో టమాటా నారుకు వెలుగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడాది వానల్లో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. చలికాలపు టమాటాకి నారు పోసుకోవాల్సిందీ ఆ రోజుల్లోనే. ముసురుకు నారు కుళ్ళుతోందని, ఇంట్లో పెడితే సాగిపోతోందని చాలామంది రాశారు. కొత్త సామాను కొనకుండా ఇంట్లోనే దీపాలు కట్టుకోవడం ఎలాగని అడిగారు. ఆ ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్ర: మాది మూడో అంతస్తు, ఉత్తరం వైపు బాల్కనీ. ఎండ పడదు. హాల్లో ట్యూబ్‌లైటు కింద టమాటా విత్తనాలు పెడితే పది రోజులకే దారాల్లా సాగి పడిపోయాయి. పాత ట్యూబ్‌లైటు పట్టీలు నాలుగున్నాయి, పనికొస్తాయా? – ఒక గృహిణి, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జ: పనికొస్తాయి. ముందు నారు ఎందుకు సాగిందో చూద్దాం. హాల్లో వెలుగు మన కంటికి బాగానే అనిపిస్తుంది గానీ, కొలిస్తే 150–300 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) ఉంటుంది, అంతే. బయట మబ్బు పట్టిన పగలు కూడా 10,000 లక్స్ దాటుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష దాకా పోతుంది. టమాటా నారు కురచగా, లావు కాడతో రావాలంటే రోజుకు 14–16 గంటలు 10,000 లక్స్‌కు తగ్గకుండా వెలుగు పడాలి.

ఆ లెక్కన 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న అరకు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు నాలుగు చాలు. ఒక్కో ట్యూబు సుమారు 2,000 ల్యూమెన్లు (దీపం ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) ఇస్తుంది. పక్కలకు పోయేది పోగా ఆకుల మీద 11,000 లక్స్ దాకా పడుతుంది. డబ్బా మీద 6500కే అని రాసిన తెల్ల ట్యూబులే నారుకు మంచివి. పాత 36 వాట్ల ట్యూబులు మళ్ళీ పెట్టకండి. చివర్లు నల్లబడ్డాయంటే వాటి ఆయువు అయిపోవచ్చినట్టే. లోపల పాదరసం ఉంటుంది కాబట్టి పగలగొట్టకుండా వదిలించుకోండి.

పట్టీల్లో ఇనుప రేకు, రెండు చివర్ల హోల్డర్లు ఉంచుకుని చోకు, స్టార్టర్ తీసేయండి. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని ఎల్‌ఈడీ ట్యూబులకు ఫేజు ఒక చివర, న్యూట్రల్ రెండో చివర ఇవ్వాలి. కొన్నింటికి రెండూ ఒకే చివర ఇవ్వాలి. ట్యూబు మీద గీసిన బొమ్మ చూడకుండా వైరింగ్ చేస్తే స్విచ్ వేయగానే షార్టవుతుంది. ఈ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, ఇనుప రేకుకు ఎర్తు తీగ తప్పకుండా బిగించమనండి.

పట్టీలు నాలుగింటినీ పాత ఫ్రిజ్‌లోంచి తీసిన తీగ అరకు కట్టుకుంటే పని తేలిక. ఆ తీగ అర రెండు పక్కలా గొలుసు వేసి ఎస్ కొక్కేలతో వేలాడదీయండి. నారు ఎదిగేకొద్దీ ఒక్కో గొలుసు కడీ పైకి మార్చుకుంటూ పోవచ్చు. ట్యూబుకూ ఆకు కొసకూ మధ్య ఆరేడు అంగుళాలు ఉంటే చాలు. అడుగు పైకి లేపితే మళ్ళీ సాగుడు మొదలవుతుంది.

నారు పెట్టిన అరకు మూడు పక్కలా తెల్లటిది ఏదైనా కట్టండి. అందరికీ సులువుగా దొరికేది పాత ఫ్లెక్సీ. బొమ్మ బయటికి, వెనక తెల్ల వైపు లోపలికి పెట్టండి. చేపలు, రొయ్యలు వచ్చే థర్మోకోల్ పెట్టెలు మన దగ్గర ఊరికే దొరుకుతాయి, వెలుగునూ బాగానే తిప్పికొడతాయి. కానీ థర్మోకోల్‌కు నిప్పు అంటుకుంటే క్షణాల్లో కరిగి కారుతూ మండుతుంది. వైర్లు, ట్యూబులు ఉన్న వైపు అది వద్దు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ కూడా వద్దు, జారి హోల్డర్ మీద పడితే కరెంటు పాకుతుంది.

ఖర్చు విషయానికొస్తే, 80 వాట్లు రోజుకు 16 గంటలంటే 1.28 యూనిట్లు. నారు నాటుకు వచ్చే 25 రోజులకు 32 యూనిట్లు.

ప్ర: మా అంగట్లో పాడైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు గోతాముడు ఉన్నాయి. ఒక్క ఎల్‌ఈడీ మీద నల్ల చుక్క ఉంటే దాన్ని టంకంతో కలిపేస్తే మళ్ళీ వెలుగుతున్నాయి. ఆ ప్లేట్లన్నీ రేకు మీద బిగించి మొక్కల పైన పెట్టొచ్చా? – ఎలక్ట్రికల్ షాపు యజమాని, కావలి

జ: వద్దండీ. వెలుగుతాయన్నది నిజమే. ఎల్‌ఈడీలన్నీ వరసగా ఒకే దారిలో ఉంటాయి కాబట్టి మాడిన ఒక్కదాన్ని దాటిస్తే మిగతావి వెలుగుతాయి. కానీ ఈ బల్బుల్లో చాలా వాటి డ్రైవర్‌లో (ఎల్‌ఈడీలకు కరెంటు ఇచ్చే సర్క్యూటులో) ట్రాన్స్‌ఫార్మర్‌తో విడదీత ఉండదు. 230 వోల్టుల లైను నేరుగా డయోడ్ల గుండా ప్లేటు మీదికి వస్తుంది, కొన్ని చోట్ల 300 వోల్టులు దాటుతుంది. ఎల్‌ఈడీలకూ అడుగునున్న అల్యూమినియానికీ మధ్య వెంట్రుకవాసి పొర ఒక్కటే అడ్డం. మీద ఉన్న ప్లాస్టిక్ గుండే మనిషిని కాపాడేది. అది తీసేసి, రోజూ నీళ్ళు చిలకరించే చోట, రేకుకు బిగించారంటే ఆ రేకంతా ప్రాణాల మీదికి తెస్తుంది. దాటించిన బల్బు ఎక్కువ కాలం ఉండదు కూడా. వోల్టేజీ తేడా అంతా డ్రైవర్ చిప్పు మీద పడి అది వేడెక్కి పోతుంది.

గుండు చెక్కుచెదరకుండా వెలిగే పాత బల్బులైతే మటుకు హాయిగా వాడండి. చెక్క పలక మీద మామూలు హోల్డర్లు బిగించి, పైన చెప్పిన అరకు తొమ్మిది బల్బులు, సమాన దూరంలో.

ప్ర: షాపు బోర్డులు తయారుచేస్తాం. విప్పేసిన బోర్డుల నుంచి 12 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ మాడ్యూళ్ళు వందల్లో మిగిలాయి. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లు (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టెలు) రెండున్నాయి. ఎలా కలపాలో వివరంగా చెప్పండి. – ఒంగోలు పాఠకుడు

జ: పాత సామానుతో చేసే దీపాల్లో మాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. మొక్కల దగ్గరికి వచ్చేది 12 వోల్టులే, తడి చేత్తో తగిలినా ప్రమాదం లేదు.

మాడ్యూలు వెనక వాట్లు చూడండి. మూడు ఎల్‌ఈడీలున్న 1.2 వాట్లవైతే 80 తీసుకోండి. మీ దగ్గర మిగిలే ఏసీపీ షీటు (రెండు వైపులా పల్చటి అల్యూమినియం ఉండే బోర్డు పలక) ముక్క 4 అడుగులకు అడుగున్నర కోసి, దాని మీద పొడుగునా ఎనిమిది వరసలు, వరసకు పది. వెనకుండే జిగురు టేపును నమ్మకండి, ఎన్నాళ్ళో బోర్డులో ఉన్నది కాబట్టి వేడికి ఊడి మాడ్యూళ్ళు నారు మీద వేలాడతాయి. చిన్న స్క్రూలు వేయండి.

అసలు తప్పు జరిగేది వైరింగ్‌లో. ఎనభై మాడ్యూళ్ళనూ ఒకే దండగా కలిపితే మొదటివి ధగధగా, చివరివి మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. సన్నటి తీగల్లో వోల్టేజీ పడిపోవడమే కారణం. ఏ వరసకు ఆ వరస విడిగా మెయిన్ తీగకు కలపండి. వరసకు 1 ఆంపియర్, మొత్తం 8 ఆంపియర్లు. మెయిన్ తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది, 2 మీటర్లకు మించకుండా.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చదవండి. పాతది కాబట్టి రాసినదాంట్లో 60 శాతమే లెక్కలోకి తీసుకోండి. 15 ఆంపియర్లని ఉంటే మన 8 దర్జాగా మోస్తుంది. పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ ఒకటే ఉంటుంది. దాన్ని పక్కనున్న ఏదో ఒక నల్ల తీగతో కలిపితే ఫ్యాను తిరుగుతుంది. పసుపు తీగలు 12 వోల్టుల ప్లస్, నల్లవి మైనస్. ఒక్క పసుపు తీగ మీదే భారం వేయకుండా మూడింటిని, అలాగే నల్లవి మూడింటిని కలిపి మెయిన్‌కు ఇవ్వండి. వాడని తీగల కొసలన్నీ విడివిడిగా టేపు చుట్టేయండి.

పాత రకం ఎస్‌ఎంపీఎస్‌లు 5 వోల్టుల వైపు కొంత లోడు లేకపోతే 12ను సరిగా నిలబెట్టవు. మాడ్యూళ్ళు మసకగా వెలుగుతూ, మల్టీమీటరు 11 కంటే తక్కువ చూపిస్తే ఎర్ర తీగకూ నల్ల తీగకూ మధ్య 10 ఓములు, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టరు ఒకటి కలపండి. అది వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగలనీయకండి. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతోందంటే ఎక్కడో షార్టు ఉన్నట్టు. చాలాసార్లు ఏసీపీ కోసిన అంచుకు తీగ తొడుగు చిరిగి ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్ పెట్టె మటుకు 230 వోల్టులదే. దాన్ని అర పక్కన గోడకు, నీళ్ళు పోసే ఎత్తుకు పైన పెట్టండి. ప్లగ్గులో తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మూత విప్పకండి. దీనికి వెళ్ళే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి. ఈ మొత్తం ఏర్పాటులో కొత్తగా డబ్బు పెట్టాల్సిన వస్తువు అదే.

ప్ర: తెర పగిలిన 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ ఉంది. వెనకుండే ఎల్‌ఈడీ స్ట్రిప్పులు వాడొచ్చా? – కోవూరు నుంచి

జ: వాడొచ్చు, కానీ స్ట్రిప్పును ఉన్నపళంగా 12 వోల్టులకు కలిపితే వెలగదు, లేదా మాడిపోతుంది. టీవీలో దాన్ని నడిపేది స్థిరంగా ఇంత కరెంటేనని కొలిచి ఇచ్చే సర్క్యూటు. ముందు ఒక్కో ఎల్‌ఈడీ 3 వోల్టులదా 6 వోల్టులదా మల్టీమీటరుతోనో స్ట్రిప్ టెస్టర్‌తోనో తేల్చుకోండి. 3 వోల్టులదైతే స్ట్రిప్పును మూడేసి ఎల్‌ఈడీల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వరసలో 15 ఓములు, 2 వాట్ల రెసిస్టరు వేయండి. మూడు ఎల్‌ఈడీలు 9.3 వోల్టులు తీసుకుంటే మిగిలిన 2.7 వోల్టులు రెసిస్టరు మీద పడి, 180 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. ముక్కకు వాటన్నర పైన వెలుగన్నమాట. వెనక అల్యూమినియం పట్టీ తప్పనిసరి. కిటికీలు చేసేవాళ్ళ దగ్గర తునకలు దొరుకుతాయి. ఊదా రంగులోకి తిరిగిన ఎల్‌ఈడీలను పారేయండి. వాటి మీది పసుపు పూత మాడిపోయింది, ఇక తెల్లగా వెలగవు.

ప్ర: దీపాలు 24 గంటలూ వేసి ఉంచితే నారు త్వరగా ఎదుగుతుందా?

జ: టమాటాకు చీకటి కావాలి. ఆపకుండా వెలుగిస్తే ఆకులు పసుపు మచ్చలు పడి గిడసబారతాయి. రోజుకు 16 గంటలు మించొద్దు. గడియారంలా తిరిగే ముళ్ళ టైమరు పెడితే కరెంటు పోయినంత సేపు అదీ ఆగిపోతుంది కాబట్టి వారానికోసారి సరిచూసుకోండి.

ప్ర: మాది సముద్రానికి దగ్గర. ఏ వైరు జాయింటు చూసినా ఆరు నెలలకు పచ్చగా చిలుం పడుతోంది, దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. – సింగరాయకొండ

జ: ఉప్పుగాలికి రాగి మీద చిలుం పట్టడం మామూలే. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఆ గాలికి నిలవదు. టంకం వేసి, మీద వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి. స్క్రూ కనెక్టర్లయితే బిగించాక వాజలీన్ రాయండి. చిలుం పట్టిన జాయింటు వేడెక్కుతుంది కూడా. వెలుగుతున్నప్పుడు పైతొడుగు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. వేడిగా ఉంటే ఆపేసి, ఆ అంగుళం కోసి కొత్తగా వేయండి. టంకం వేయడానికి ముందు తీగను గరుకు కాగితంతో ఎర్రగా మెరిసేదాకా రుద్దండి, లేకపోతే టంకం అంటుకోదు.

ప్ర: కాయలు కాసేదాకా దీపాల కిందే పెంచొచ్చా? పూత వచ్చి రాలిపోతోంది. – నెల్లూరు

జ: పెంచొచ్చు గానీ మన ప్రాంతంలో అది దండగ అని మా అభిప్రాయం. కాపుకు 30,000 లక్స్ పైన కావాలి. అదే అరకు పదకొండు పన్నెండు ట్యూబులు, నెలకు 100 యూనిట్లకు పైనే. అక్కడ పట్టేవి రెండు మూడు మొక్కలు. ఆ కరెంటు డబ్బుకు బజార్లో అంతకంటే ఎక్కువ టమాటాలొస్తాయి.

పూత రాలడానికి మీ ఇంట్లో రెండు కారణాలు ఉండొచ్చు. రాత్రి వేడి 24–25 డిగ్రీలు దాటినా, పగలు 35 దాటినా పుప్పొడి పాడై పిందె కట్టదు. రోహిణి కార్తెలో దీపాలు ఎన్ని పెట్టినా ఉపయోగం లేనిది అందుకే. రెండోది గాలి. టమాటా పువ్వు తనలో తానే పరాగం చెందుతుంది గానీ దాన్ని ఎవరో ఒకరు కదపాలి. ఇంట్లో గాలీ లేదు, తేనెటీగా లేదు. పొద్దున పదింటికి పూల గుత్తి కాడను వెనక నుంచి వేలితో నాలుగుసార్లు తట్టండి. పుప్పొడి సిద్ధంగా ఉంటే పసుపు దుమ్ము రాలడం కనిపిస్తుంది. సరదాకు ఒక్క మొక్క ఉంచుకోవాలనుకుంటే పీకేఎం-1 లాంటి గుబురు రకం పెట్టండి. పూసా రూబీ తీగలా పెరిగి దీపాలను తాకుతుంది.

ప్ర: దీపాల కింద నారు చక్కగా వచ్చింది. మిద్దె మీద కుండీల్లో నాటిన రెండో రోజుకే ఆకులు తెల్లగా కాలిపోయాయి. ఏం లోపం? – ఒంగోలు

జ: 11,000 లక్స్‌కు అలవాటైన ఆకు ఒక్కసారిగా లక్ష లక్స్‌లో పడింది, అదే లోపం. నాటడానికి వారం ముందు నుంచి అలవాటు చేయాలి. మొదటి రోజు ఏడింటి ఎండలో గంటసేపు, తర్వాత రోజుకో గంట పెంచుతూ, మధ్యాహ్నం ఎండను చివరి రెండు రోజులకు ఉంచండి. ఆ వారం నీళ్ళు కొద్దిగా తగ్గించండి, కాడ గట్టిపడుతుంది. దీపాల దగ్గర చిన్న ఫ్యాను రోజుకు రెండు గంటలు తిప్పినా కాడ లావెక్కుతుంది, నారుకుళ్ళు కూడా తగ్గుతుంది. ముసురు వదలక నాటడం ఆలస్యమైతే నారును ట్రేలోనే ముదరనీయకండి. టీ కప్పంత గ్లాసుల్లోకి, కాడ సగం మట్టిలోకి పోయేలా మార్చి దీపాల కిందే ఇంకో పది రోజులు ఆపుకోండి. పాతిన కాడకూ వేళ్ళొస్తాయి. కాలిన మొక్కల్లో నడిమి మొగ్గ పచ్చగా ఉన్నవాటిని పీకేయకండి. పైన పాత చీర ముక్క నీడ కట్టి వారం ఆగితే కొత్త ఆకు వేస్తాయి.