బండి అమ్మితే డబ్బొస్తుందన్న ధీమాతో అప్పు చేయకండి

ప్రశ్న: మాది అనకాపల్లి. నా దగ్గర 2016 మోడల్ ఇసుజు వి-క్రాస్ ఫోర్‌ వీల్ డ్రైవ్ పికప్ ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 1,65,000 కిలోమీటర్లు తిరిగింది, దాని మీద అప్పేమీ లేదు. వచ్చే వేసవిలో భార్య, ఇద్దరు పిల్లలతో మనాలి మీదుగా లేహ్ వెళ్లాలని ఉంది. ఘాట్ ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తోంది, గుంతల్లో ముందు నుంచి టకటక శబ్దం. మెకానిక్ 2,18,000 రూపాయల పని చెప్పాడు. లిఫ్ట్ కిట్, ఆల్ టెర్రైన్ టైర్లు, రూఫ్‌టాప్ టెంట్‌కు మరో 1,82,000 అవుతుంది. మొత్తం 4 లక్షలు పర్సనల్ లోన్ ఇస్తామని బ్యాంకు అంటోంది. వడ్డీ 16 శాతం, మూడేళ్ల గడువు. నా జీతం చేతికి 68,000. ఇంటి లోన్ ఈఎంఐ 19,500, ఇంటి ఖర్చులూ ఫీజులూ కలిపి 34,000. సేవింగ్స్ ఖాతాలో 40,000 ఉన్నాయి. బండికి ఎనిమిది నెలలుగా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంది. అమ్మితే 6 లక్షలు పలికే బండి కాబట్టి లోన్ తీసుకున్నా ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. సరేనా?

జవాబు: సరి కాదు. మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం కోసమే ఈ జవాబు ఇంత వివరంగా రాస్తున్నాను. పాత ఎస్‌యూవీలు, పికప్‌లు ఉన్న చాలామంది ఇదే లెక్క వేస్తారు. బండి విలువను దాచుకున్న డబ్బులా చూసుకుని, ఆ ధైర్యంతో అప్పు చేస్తారు. ఆరు లక్షలు పలికేది ఇంజిన్ నడుస్తున్నప్పుడు. మీకు డబ్బు నిజంగా అవసరపడేది ఇంజిన్ ఆగిపోయిన రోజున. హెడ్ గ్యాస్కెట్ పోయి, గేర్‌బాక్స్ శబ్దం చేస్తూ షెడ్డులో పడున్న పదేళ్ల డీజిల్ బండికి ఆ ధర ఎవరూ ఇవ్వరు. కొనేవాడు మీ అవసరం చూసి ఇంకా కోస్తాడు.

ముందు లోన్ సంగతి. 4 లక్షలకు 16 శాతం చొప్పున 36 నెలల ఈఎంఐ సుమారు 14,060. మొత్తం కట్టేది 5,06,000 పైచిలుకు, అంటే వడ్డీయే లక్షా ఆరు వేలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ వేస్తే ఇంకో 9,440. ఇప్పుడు మీ జీతంలోంచి ఇంటి ఈఎంఐ, ఇంటి ఖర్చు, ఈ కొత్త ఈఎంఐ తీసేయండి. మిగిలేది నెలకు 440 రూపాయలు. మూడేళ్ల పాటు, పదేళ్ల పికప్‌ పెట్టుకుని, 440 రూపాయలతో! పైగా ప్రయాణంలో డీజిల్, బస, తిండి ఈ నాలుగు లక్షల్లో లేవు. అనకాపల్లి నుంచి లేహ్ వెళ్లి రావడానికి, అక్కడ తిరగడానికి కలిపి 6,000 కిలోమీటర్లు వేసుకున్నా, నిండు లోడుతో లీటరుకు 11 కిలోమీటర్ల లెక్కన డీజిల్‌కే 50,000 దాకా అవుతుంది. అది క్రెడిట్ కార్డు మీద పడుతుంది. కార్డు బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. ఈ దారి ఎటు పోతుందో మీకే తెలుసు.

మీ దగ్గర లేనిది అత్యవసర నిధి. 40,000 రూపాయలంటే మీ ఇంటికి నెల ఖర్చు కూడా కాదు. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 53,500, ఆరు నెలలకు 3,21,000. అది ఇంటి నిధి, దాని జోలికి బండి రాకూడదు. బండికి వేరే నిధి ఉండాలి. ఒకే ఖాతాలో పెడితే టైర్ల డబ్బు పిల్లల ఫీజులోంచే వస్తుంది.

బండికి వేరే నిధి ఎందుకంటే, ఇన్సూరెన్స్ ఆ పని చేయదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే రిపేరు వాళ్లే చూసుకుంటారని చాలామంది నమ్మకం. ఓన్ డ్యామేజ్ పాలసీ ప్రమాదానికి, దొంగతనానికి, అగ్నికి, వరదకు ఇస్తుంది. అరుగుదలకు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు ఇవ్వదు. క్లచ్ జారితే, టర్బో పోతే, ఇంజెక్టర్ మొరాయిస్తే ఒక్క రూపాయి రాదు. పాత బండిలో ఎక్కువగా పోయేవి అవే.

ప్రమాదం జరిగినా పూర్తి డబ్బు రాదు. బండి వయసు 5 నుంచి 10 ఏళ్ల మధ్య ఉంటే లోహపు భాగాల ఖరీదులో 40 శాతం, 10 ఏళ్లు దాటితే 50 శాతం తరుగు కింద కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి ఏ వయసులోనైనా 50 శాతమే. ఉదాహరణకు లక్ష రూపాయల ప్రమాద రిపేరు బిల్లు తీసుకోండి: లోహపు భాగాలు 50,000, ప్లాస్టిక్ రబ్బరు 30,000, లేబర్ 20,000. పదేళ్లు దాటిన బండికి వచ్చేది 25,000, 15,000, 20,000. అందులో 1500 సీసీ దాటిన కార్లకు తప్పనిసరి మినహాయింపు 2,000 పోతే చేతికి 58,000. మిగతా 42,000 మీ జేబులోంచే. ఈ కోత లేకుండా ఇచ్చే జీరో డెప్ ఈ వయసు బండికి దొరకడం కష్టం.

అయినా ఓన్ డ్యామేజ్ తీసుకోవాల్సిందే. కొండదారిలో 6 లక్షల బండిని థర్డ్ పార్టీ మీద నడపడమంటే, లోయలో పడితే మొత్తం వదులుకోవడానికి సిద్ధమైనట్టే. ఎనిమిది నెలలు వదిలేశారు కాబట్టి ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయింది, దానికి గడువు 90 రోజులే. ఇప్పుడు కంపెనీవాళ్లు బండి తనిఖీ చేశాకే పాలసీ ఇస్తారు. అయిదేళ్లు దాటిన బండికి ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) మీరూ కంపెనీ ఒప్పుకున్న అంకె. ప్రీమియం తగ్గుతుందని దాన్ని 3 లక్షలకు దింపకండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద కట్టి ఆ అంకే చేతిలో పెడతారు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకోండి గానీ, టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో చదవండి. కీలాంగ్ దాటాక లేహ్ దాకా 350 కిలోమీటర్ల దారిలో సరైన వర్క్‌షాపు దొరకడం అరుదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు.

ఇక మెకానిక్ ఇచ్చిన లిస్టు. మీరు పంపిన వివరాల ప్రకారం: క్లచ్ సెట్ 32,000, లోయర్ బాల్ జాయింట్లు, బుష్‌లు 18,000, వెనక కమాన్ పట్టీలు 24,000, నాలుగు షాక్ అబ్జార్బర్లు 22,000, రేడియేటర్, హోస్‌లు, థర్మోస్టాట్, కూలెంట్ 23,000, టర్బో 38,000, ఇంజెక్టర్లు 36,000, బ్రేకులు 14,000, సీవీ బూట్లు (యాక్సిల్ జాయింట్ల మీది రబ్బరు తొడుగులు), సీళ్లు, ఆయిళ్లు 11,000. ఇవన్నీ ఒకే వరుసలో రాసేసరికి అన్నీ ఒకే అర్జెంటులా కనిపిస్తున్నాయి. కావు.

ఆపకూడనివి నాలుగు: బ్రేకులు, బాల్ జాయింట్లు, కూలింగ్, సీవీ బూట్లు. మొత్తం 66,000. గుంతల్లో టకటక శబ్దం బాల్ జాయింట్‌ది కావచ్చు, బుష్‌ది కావచ్చు. లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రం నేల నుంచి కొంచెం లేపి, టైరు కింద గునపం పెట్టి పైకి ఎత్తమనండి. జాయింట్ దగ్గర ఆట కనిపిస్తే ఇక ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి. అది ఊడితే చక్రం మడతపడిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటిన ఆయిల్ పొడవైన దిగుడులో మరిగి, పెడల్ మెత్తబడి నేలకు తగులుతుంది. సీవీ బూట్ చిరిగిన దశలో మార్చితే పోయేది కొద్ది వేలే. వదిలేస్తే గ్రీజు కారిపోయి, మట్టి చేరి యాక్సిల్ మొత్తం మార్చాల్సి వస్తుంది. కూలింగ్ విషయంలో రేడియేటర్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఫ్యాన్ విస్కస్ క్లచ్ కూడా చూడమనండి. లంబసింగి ఘాట్‌లో ఏసీ వేసి ఎక్కితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోందంటే, మనాలి దాటాక ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఒక్కసారి బాగా వేడెక్కి హెడ్ వంగిందంటే ఈ లిస్టు మొత్తం చిన్నదైపోతుంది.

టర్బో, ఇంజెక్టర్లకు 74,000 పెట్టే ముందు ఆగండి. నల్ల పొగ అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. దానికి కారణం ఇంటర్‌కూలర్ పైపు పగులు, వదులైన క్లిప్పు, మూసుకున్న ఎయిర్ ఫిల్టర్, మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఏదైనా కావచ్చు. ముందు వీటిని చూడమనండి. తర్వాత ఇన్‌టేక్ పైపు ఊడదీసి టర్బో షాఫ్ట్‌ను వేళ్లతో కదపమనండి. పైకీ కిందకీ పిసరంత కదలడం మామూలే. లోపలికీ బయటికీ కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా టర్బో పోయినట్టు. ఇంజెక్టర్లకు లీక్-ఆఫ్ టెస్టు (వెనక్కి పోయే డీజిల్‌ను కొలిచే పరీక్ష) చేయిస్తే నాలుగింటిలో ఏది పాడైందో తెలుస్తుంది. టెస్టు చేయకుండా నాలుగూ మార్చమనే మెకానిక్‌ను మార్చండి.

క్లచ్‌కు పరీక్ష: టాప్ గేరులో 50 వేగంతో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది, మార్చాలి. లేదంటే ఆగొచ్చు. కమాన్ పట్టీల్లో పగులు లేకపోతే లారీ పట్టీలు సెట్ చేసే షాపులో వంపు తెప్పించి, షాకిల్ బుష్‌లు మార్పిస్తే సరిపోతుంది. షాక్ అబ్జార్బర్లకు ఆయిల్ కారితే చూద్దాం. ఇక డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది: నెలకోసారి మట్టిరోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు 4హెచ్‌లో (ఫోర్ వీల్ డ్రైవ్ మోడ్‌లో) నడపండి. ఏడాది పాటు ముట్టకుండా వదిలేసిన ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమైన చోటే పట్టకుండా పోతుంది. పొడి తారు మీద మాత్రం వేయకండి.

లిఫ్ట్ కిట్ లిస్టులోంచి కొట్టేయండి. ముందు ఎత్తు పెంచితే సీవీ జాయింట్ల కోణం పెరిగి, మీరు 11,000 పెట్టి వేయించబోయే బూట్లే ముందుగా చిరుగుతాయి. కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. క్లెయిమ్ రోజున సర్వేయర్‌కు అదొక సాకు. టెంట్ విలాసం. టైర్లు మాత్రం అవసరం రావచ్చు. పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటితే, స్టెప్నీతో సహా, అరగకపోయినా దూర ప్రయాణానికి పనికిరావు.

ఇప్పుడు డబ్బు క్రమం. మీకు నెలకు 14,500 మిగులుతోంది. ఉన్న 40,000లోంచి ఈ వారమే బ్రేకులు, బాల్ జాయింట్లకు 32,000 పెట్టండి. అత్యవసర నిధి అని గంట కొట్టే నేనే దాన్ని ఖాళీ చేయమంటున్నానంటే ప్రమాదం ఎంత దగ్గరుందో చూడండి. మొదటి రెండు నెలల మిగులుతో కూలింగ్ పని పూర్తి చేసి, ఆ వెంటనే ఓన్ డ్యామేజ్ తీసుకోండి, ప్రీమియానికి 20,000 పక్కన పెట్టుకోండి. తర్వాత సీవీ బూట్లు. ఏడాదికి మీ చేతిలో మొత్తం 2,14,000 పోగై, ఈ ఖర్చులు పోగా 1,28,000 ఉంటుంది. అందులో 75,000 బండి నిధి. మిగిలినది ఇంటి నిధికి మొదటి ఇటుక. ఆ తర్వాత బండి తిరిగే ప్రతి కిలోమీటరుకు 3 రూపాయల చొప్పున బండి ఖాతాలో వేస్తూ పోండి. ఏడాదికి 15,000 కిలోమీటర్లయితే నెలకు 3,750. టర్బో పరీక్షలో నిజంగా పోయిందని తేలితే ఆ నిధిలోంచే. ఈ డబ్బుకు స్వీప్-ఇన్ ఎఫ్‌డీ (సేవింగ్స్ ఖాతాకు ముడిపెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్) చాలు, ఎక్కువ రాబడి వెతకకండి.

అంటే వచ్చే వేసవికి లేహ్ కుదరదు. మారేడుమిల్లి, అరకు, దారింగ్‌బాడి వెళ్లండి. బండి ఆగితే అనకాపల్లి నుంచి మెకానిక్‌ను పిలిపించుకోగల దూరం. ఆ ట్రిప్పుల్లోనే ఈ బండి ఎక్కడ వేడెక్కుతుందో, ఎక్కడ శబ్దం చేస్తుందో తెలుస్తుంది.

డబ్బుకు మిగతా దారులు: బంగారం తాకట్టు వడ్డీ తక్కువే కానీ విహారానికి వద్దు. పీఎఫ్ ముట్టుకోకండి. లోన్ యాప్‌ల గురించి చర్చించను. బండి అమ్మేసి, కావాలనుకున్నప్పుడు అద్దెకు తీసుకోవడం లెక్క ప్రకారం అన్నిటికన్నా చవక, మీ మనసు ఒప్పుకుంటే.

ఇంటి లోన్, ఇద్దరు పిల్లలు ఉన్నా టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి మీరు ఒక్క మాట రాయలేదు. లేకపోతే లిఫ్ట్ కిట్ కన్నా ముందు అది. కనీసం కోటి రూపాయలకు.

ఓన్ డ్యామేజ్ కోసం తనిఖీకి వచ్చేలోపు బాల్ జాయింట్లు, బ్రేకుల బిల్లులు జీఎస్టీ నంబరుతో తీసి పెట్టుకోండి, పాత డెంట్లకు ఫొటోలు తీసుకోండి. ఆ డెంట్లు కొత్త పాలసీలో రావు. ఢిల్లీ మీదుగా వెళ్లే ఆలోచన ఉంటే, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై అక్కడి నిబంధనలు కోర్టు ఉత్తర్వులతో మారుతూ వస్తున్నాయి. బయల్దేరే నెలలో ఏది అమల్లో ఉందో చూసుకున్నాకే దారి ఖాయం చేసుకోండి.