సీలు తీస్తే రేటు పడిపోతుందా?

పాత నాణేలు, స్టాంపులు, పేకలు, అగ్గిపెట్టె లేబుళ్లు… ఇంట్లో దొరికిన పాత వస్తువు ఏదైనా సరే, మీ సందేహాలకు తిరుపతి తిలక్ రోడ్డు సందులోని మా కొట్టు నుంచి జవాబులు.

ప్రశ్న: మా చిన్నాయన సరుకు ఓడల్లో ఉద్యోగం చేసేవారు. ఆయన పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే అమెరికా పేక ఒకటి దొరికింది. ఎర్ర పెట్టె, మీద ‘జెర్రీస్ నగెట్’ అని ఉంది. పైన ప్లాస్టిక్ కాగితం కూడా చిరగలేదు. మావాడు ఇంజినీరింగ్ చదువుతూ ముక్కలతో గారడీలు నేర్చుకుంటున్నాడు. ‘నాన్నా, ఇది చాలా పేరున్న పేక, ఒక్కసారి విప్పి చూస్తా’ అని ప్రాణం తీస్తున్నాడు. మా అమ్మేమో పేక ఇంట్లో ఉంటేనే అరిష్టం, అవతల పారెయ్యమంటుంది. విప్పితే ధర తగ్గుతుందా? తగ్గితే ఎంత? – ఒక పాఠకుడు, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: విప్పనివ్వకండి. పారెయ్యనివ్వకండి కూడా. మిగతాది తీరిగ్గా చెబుతాను.

లాస్ వేగాస్‌ను ఆనుకుని నార్త్ లాస్ వేగాస్ అని వేరే ఊరు ఉంది. జెర్రీస్ నగెట్ అక్కడి కేసినో. వాళ్లు 1970లో తమ పేరుతో పేకలు అచ్చు వేయించుకుని, తర్వాత వాటిని తమ దుకాణంలోనే చవగ్గా అమ్ముకున్నారు. సరుకు అయిపోయాక వాటి మీద మోజు మొదలైంది. ముక్క మెత్తగా వంగుతుంది, చేతిలో జారుతుంది అని గారడీవాళ్లు ఎగబడ్డారు. ఇప్పుడు సీలుతో ఉన్న అసలు పేక వందల డాలర్లు పలుకుతుంది. కాబట్టి మావాడికి తెలీదులే అని కొట్టిపారెయ్యకండి, మీవాడు చెప్పింది నిజమే.

ఇక విప్పడం సంగతి. ఇలాంటి పేకను విప్పితే ధర తగ్గడం ఖాయం. సగానికి సగం పోయినా నేను ఆశ్చర్యపోను. ముక్క మీద వేలిముద్ర కూడా పడకపోయినా అంతే. కొనేవాడు ఎక్కడో బోస్టన్‌లో కూర్చుని ఉంటాడు, మీరెవరో వాడికి తెలీదు. సీలు ఉంటే యాభై రెండు ముక్కలూ జోకర్లూ ఉన్నాయా, ఎవరైనా ఆడారా, ఇస్పేటు ఆసు మూల మడత పడిందా అని మిమ్మల్ని అడిగే పని ఉండదు. సీలు తీశారంటే ఇవన్నీ అడుగుతాడు. మీరు ఎంత నిజం చెప్పినా సగమే నమ్ముతాడు. ఆ నమ్మని సగానికి రేటు కోస్తాడు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. అమెరికాలో పేకలు వేసే పెద్ద కంపెనీ, అదే బైసికిల్ పేకలు వేసేది, ఇస్పేటు ఆసు మీద చిన్న అచ్చులో ఒక అక్షరం, నాలుగంకెలు వేస్తుంది. ఆ అక్షరాన్ని బట్టి ఏ ఏడాది పేకో లెక్క కడతారు. ఆసు ఉండేది లోపల. అంటే ముక్క సాక్ష్యం కావాలంటే సీలు పోవాలి, సీలు ఉండాలంటే సాక్ష్యం దొరకదు. అందుకే బయటి నుంచి చూడగలిగినవన్నీ ముందు చూడాలి.

మొదట రంగు. అసలు పేకలు ఎరుపు, నీలం రెండే. 2019లో వేరే కంపెనీ వీటిని మళ్లీ అచ్చు వేసింది, ఇంకా చాలా రంగుల్లో వచ్చాయి. పసుపో ఊదానో చూపించి ‘మా తాత కొన్నది’ అని ఎవరైనా అంటే ఆ తాత 2019 తర్వాతి తాతే. మీది ఎరుపు కాబట్టి ఈ మెట్టు దాటారు. అయితే ఎరుపు కొత్తదీ ఉంది, అక్కడితో ఆగకండి.

తర్వాత పైకాగితం. కిటికీ దగ్గర పెట్టి పెట్టె రెండు చివరలూ చూడండి. ఫ్యాక్టరీలో చుట్టిన సెల్లోఫేన్ అయితే సిగరెట్ పెట్టె చివర ఉన్నట్టే త్రికోణాలుగా మడిచి అంటించి ఉంటుంది. లాగి చింపడానికి సన్నటి పట్టీ ఉండొచ్చు. అలా కాకుండా వేడిగాలి పెట్టి బిగించినట్టు మూలల దగ్గర ముడుచుకుని, పక్కన అతుకు గీత, సన్నటి రంధ్రాలు కనిపిస్తే ఎవరో మధ్యలో విప్పి మళ్లీ చుట్టారని అనుమానించాలి. ఆ యంత్రాలు ఇప్పుడు స్వీటు షాపుల్లో కూడా ఉన్నాయి. సీలు ఉంది కదా అని కళ్లు మూసుకుని కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

పన్ను స్టాంపు సంగతీ చెప్పేస్తాను. అమెరికాలో 1965 దాకా పేకల మీద పన్ను ఉండేది. కట్టినట్టు గుర్తుగా పెట్టె మూత మీద స్టాంపు అంటించేవారు. పెట్టె తెరిస్తే స్టాంపు చిరగాల్సిందే. అందుకే అంతకు ముందు పేకలకు చిరిగిన స్టాంపు తప్పు కాదు, చిరగని స్టాంపు అదృష్టం. మీది అసలుదే అయితే 1970 నాటిది, దాని మీద పన్ను స్టాంపు ఉండకూడదు. ఉంటేనే భయపడాలి. ఇంకా వెనక్కి, నూరేళ్ల నాటి పేకలకు వెళ్తే సీలు మాట ఎత్తేవాళ్లు తక్కువ. ముక్కలన్నీ ఉన్నాయా, జోకరు ఉందా, పెట్టె ఉందా, అంతే. మన పాతకాలపు పేక గంజిఫా అయితే చెప్పనే అక్కర్లేదు. దశావతార గంజిఫాలో 120 ముక్కలు, చేత్తో వేసిన బొమ్మలు. సీలు దానికెక్కడిది?

మీరు ఎప్పటికీ అమ్మేది లేదు, చిన్నాయన గుర్తు, మావాడి చేతిలో ఆడితే ఆయన ఆత్మ సంతోషిస్తుంది అనుకుంటే నేను అడ్డు చెప్పను. అప్పుడు కూడా గోటితో పీకొద్దు. సెల్లోఫేన్ చివర మడతను పల్చటి బ్లేడుతో లేపి, తొడుగు మొత్తం జారేలా తీసి దాచండి. మూత మీద కాగితం సీలు ఉంటే మూత అంచు వెంట సరిగ్గా కొయ్యండి, చింపకండి. ముక్కలు కలిపే ముందు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తియ్యండి. ఇప్పటి బైసికిల్ పేక తెరిస్తే ఇస్పేటు, డైమను ఆసు నుంచి రాజు దాకా, కళావరు, ఆఠీను రాజు నుంచి ఆసు దాకా ఉంటాయి. కలపని ముక్కలకు కలిపిన ముక్కల కంటే నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తారు.

నన్నడిగితే మీవాడికి మామూలు బైసికిల్ పేక కొనివ్వండి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. 1885 నుంచి ఉన్న పేరు అది, గారడీ నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది దాంతోనే నేర్చుకుంటారు. ఇంకా మొండికేస్తే 2019 నాటి నగెట్ కొనండి. ముక్క నలిగినా ఏడవక్కర్లేదు.

ధర తెలుసుకోవాలంటే ఈబే అనే అమ్మకాల సైటులో అమ్మేవాళ్లు అడుగుతున్న రేటు చూడకండి. అడగడానికేం, ఆకాశాన్ని అడుగుతారు. ‘అమ్ముడుపోయినవి’ అని విడిగా చూసే వీలుంది, అక్కడ చూడండి. అంతవరకు బీరువాలో గోడకు ఆనించకుండా, చీరల మధ్య కలరా ఉండలకు దూరంగా పెట్టండి. ఆ వాసన పడితే కాగితాన్ని వదలదు. రబ్బరు బ్యాండు వెయ్యొద్దు. చిత్తూరు ఎండకు మేడమీద గది అసలు పనికిరాదు.

అమ్మగారికి చెప్పండి, విప్పని పేకతో ఎవడూ పందెం కాయలేడని.

ప్రశ్న: మా మామగారు విమానంలో ఇచ్చారని దాచుకున్న ఎయిర్ ఇండియా మహారాజా పేక ఉంది. ఎన్నో పండగలకు ఆడాం. ఒక జోకరు పోయింది. వేరే పేకలోంచి జోకరు కలిపి అమ్మవచ్చా? – బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: వద్దమ్మా. వేరే జోకరు వెనకవైపు బొమ్మ కలవదు. కలిసినా అది మోసం కిందే లెక్క. ఒక జోకరు లేదని నేరుగా రాయండి. మీ పేక విప్పి ఉందన్న బాధ మాత్రం అక్కర్లేదు. ప్రయాణికులు ఆడుకోవడానికి ఇచ్చినవి అవి, వాడినవిగానే దొరుకుతాయి. 1946లో పుట్టిన ఆ మీసాల మహారాజును, ఎయిర్ ఇండియా గుర్తు బొమ్మను చూసి కొనేవాళ్లకు పెట్టె మీద రంగు వెలిసిందా లేదా అన్నదే ముఖ్యం. కంపెనీ 2022లో టాటాల చేతికి తిరిగి వెళ్లాక ‘ఇక ఇవి దొరకవు సార్’ అంటూ మా కొట్టుకు వచ్చి రేటు పెంచి చెప్పినవాళ్లు ఉన్నారు. నేను పెంచి కొనలేదు. మీకు పెద్ద మొత్తం వస్తుందని ఆశ పెట్టను. సంక్రాంతికి ఆడుకోవడమే మేలు.

ప్రశ్న: మా అన్న లాస్ వేగాస్ నుంచి తెచ్చిన పేకలో ప్రతి ముక్కకూ నడుమ బెజ్జం ఉంది. పాడైన సరుకు అంటగట్టారా? – ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: లేదు నాయనా. కేసినోలో బల్ల మీద వాడి తీసేసిన పేకలను అమ్మే ముందు అలా బెజ్జం వేస్తారు, లేదా మూలలు కత్తిరిస్తారు. ఎవడూ ఒక ముక్క చొక్కా చేతిలో దాచుకుని తిరిగి బల్ల మీదికి తేకుండా. నీది నిజంగా ఆడిన పేక అనడానికి ఆ బెజ్జమే రుజువు. ఖరీదు మాత్రం పెద్దగా ఉండదు, అక్కడ ఇవి కుప్పలుగా దొరుకుతాయి. విప్పాలా వద్దా అన్న టెన్షన్ నీకు లేదు.

(పేకల గురించి రాసేవారు పెట్టె ఆరు వైపులా ఫోటోలు పంపండి. ఫ్లాష్ వద్దు, సెల్లోఫేన్ మీద మెరుపు పడి మడతలు కనిపించడం లేదు.)