1950ల నాటి మూడు పట్టాల బొమ్మ రైలు: లైటు వెలుగుతోంది, గుర్రుమంటోంది, కదలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ దగ్గరున్నది అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ లయనెల్ చేసిన, ఆవిరి ఇంజిన్ రూపంలోని కరెంటు ఇంజిన్. మీరు రాసిన లక్షణాలు మూడు: పట్టాల మీద పెట్టి కరెంటు ఇస్తే ముందు లైటు వెలుగుతుంది, లోపల గుర్రుమంటుంది, చక్రం మాత్రం తిరగదు. మోటరు కాలిపోయిందా, కొత్తది వెతకాలా అని అడిగారు. వెతకకండి. ఈ మోటర్లు అంత తేలిగ్గా చావవు.

ముందు ఒక విషయం తెలియాలి. మీకు వినిపిస్తున్న గుర్రు దాదాపు ఖాయంగా మోటరుది కాదు, ఈ-యూనిట్‌ది. ముందుకు, వెనక్కు మార్చే రివర్స్ యూనిట్‌కు ఆ తయారీదారు పెట్టిన పేరు అది. అందులో ఒక కాయిల్, దాని మధ్యలో పైకీ కిందికీ ఆడే ఇనుప కడ్డీ, కడ్డీ తోసినప్పుడల్లా ఒక్కో మెట్టు తిరిగే చిన్న డ్రమ్ము ఉంటాయి. కరెంటు ఇచ్చినప్పుడు కాయిల్ కడ్డీని పైకి లాగుతుంది, తీసేస్తే కడ్డీ తన బరువుతోనే కిందికి జారుతుంది. వరస ఇది: ముందుకు, ఆగు, వెనక్కు, ఆగు. అంటే నాలుగు మెట్లలో రెండింట్లో ఇంజిన్ కదలకపోవడమే సరైన పని. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్‌ను సున్నాకు తెచ్చి మళ్లీ పైకి లేపండి. ఇలా నాలుగైదు సార్లు చేసి, ప్రతిసారీ లోపల 'టక్' అంటోందో లేదో వినండి. టక్ అంటూ నాలుగు మెట్లలోనూ కదలకపోతే తేడా చాలామటుకు మోటరు వైపు. గుర్రు ఉండి టక్ లేకపోతే డ్రమ్ము ఇరుక్కుంది. గుర్రు అసలు లేకపోతే బాయిలర్ పైన చిన్న మీట ఉందేమో చూడండి. దాన్ని పక్కకు జరిపితే కాయిల్‌కు కరెంటు ఆగి, డ్రమ్ము ఉన్నచోటే ఉండిపోతుంది. 'ఆగు' దగ్గర అలా ఉండిపోయిన ఇంజిన్‌ను చెడిపోయిందనుకుని అమ్మేసేవాళ్లు ఉన్నారు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఇంకోటి. ఇంజిన్‌ను వెల్లకిలా తిప్పి రెండు వైర్లు తాకించి పరీక్షిస్తారు. కడ్డీ కిందికి జారేది బరువు వల్ల కాబట్టి, తలకిందులుగా ఉంటే ఈ-యూనిట్ మెట్టు మారదు. నిటారుగా పెట్టే పరీక్షించాలి.

అసలు వీటన్నిటికంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. ప్లగ్గు నుంచి వచ్చే తీగను వేళ్ల మధ్య మెల్లగా వంచండి. రబ్బరు పగిలినా, పొడిలా రాలినా దాన్ని వాడకూడదు, పూర్తిగా మార్చాల్సిందే. టేపు చుట్టి సరిపెట్టొద్దు. కరెంటు ఎక్కువైతే ఆపాల్సిన లోపలి బ్రేకర్ వేడెక్కితేనే తెగే రకం, చాలా నిదానం. పట్టాలకు వెళ్లే వైరులో 5 ఆంపియర్ల ఫ్యూజు వేరుగా పెట్టండి. ఇంకోటి, ఈ ట్రాన్స్‌ఫార్మర్లు అమెరికా కరెంటుకు, అంటే సుమారు 115 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. 230 వోల్టులు ఉన్నచోట వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ లేకుండా పెడితే కాలిపోతాయి. స్టెప్‌డౌన్ పెట్టినా 50 హెర్ట్జ్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోరు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ప్లేటు మీద రాసిన వాట్లను పూర్తిగా వాడుకోవద్దు.

సరే, టక్ అంటోంది, కదలడం లేదు. చక్రాన్ని చేత్తో తిప్పడానికి చూడండి. వార్మ్ గేరు (మరలాంటి గేరు) ఉన్న రకమైతే చక్రం చేత్తో తిరగదు, బలవంతం చేస్తే పళ్లు పోతాయి. నేరు గేర్లైతే తిరగాలి. బిగుసుకుపోయి ఉంటే కారణం తుప్పు కంటే గ్రీజే అయ్యుంటుంది, డెబ్బై ఏళ్లకు మైనంలా గట్టిపడిపోతుంది. దాని మీద కొత్త నూనె పోస్తే గట్టి గ్రీజు జిగట బురదై కమ్యుటేటర్‌లోకి (మోటరులో తిరిగే భాగానికి కరెంటు అందుకునే రాగి ముక్కల్లోకి) పాకుతుంది. ముందు పాతది తీయాలి. బాయిలర్ షెల్‌ను పూర్తిగా వేరుచేసి, పుల్లతో గీరి, మిగిలినది మినరల్ స్పిరిట్ అనే ద్రావకంలో తడిపిన బ్రష్‌తో కడగాలి. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చేయండి. ద్రావకం పెయింటుకు తగలనివ్వద్దు. క్యాబ్ (డ్రైవరు గది) మీది తెల్ల అంకెలు ఒట్టి సబ్బు నీళ్లకే చెరిగిపోయే రకాలున్నాయి, అక్కడ పొడి మెత్తని బ్రష్ తప్ప ఇంకేం వద్దు.

తర్వాత బ్రష్ ప్లేటు, అంటే మోటరుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లను పట్టి ఉంచే ప్లేటు. సాధారణంగా రెండు స్క్రూలు. విప్పేముందు ఫోటో తీసుకోండి, ప్లేటును పళ్లెంలో పెట్టి విప్పండి, ఎందుకంటే బ్రష్‌ల వెనక స్ప్రింగులు ఎగిరి మంచం కిందికే పోతాయి. లోపల ఆర్మేచర్ (మోటరులో తిరిగే భాగం) ముఖం మీద మూడు రాగి ముక్కలు, వాటి మధ్య మూడు సన్నని గాడులు కనిపిస్తాయి. రాగి నల్లగా ఉంటుంది, గాడులు కార్బన్ పొడితో పూడిపోయి ఉంటాయి. రోగం చాలాసార్లు ఇదే. ఆ పొడి కరెంటును ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు అడ్డదారిన పంపేస్తుంది, మోటరుకు బలం రాదు. దూదిపుల్లను ఆల్కహాల్‌లో ముంచి, నలుపు అంటడం ఆగేదాకా రాగిని తుడవండి. గాడులను పళ్లు కుట్టుకునే చెక్కపుల్ల మొనతో గీకండి. సూది వద్దు, రాగిని గీస్తే అంచు లేచి బ్రష్‌ను అరగదీస్తుంది. మరక పోకపోతే పెన్సిల్ రబ్బరు చాలు. స్టీల్ ఊలు మాత్రం ఈ పనిలో ఎక్కడా వాడొద్దు, పట్టాల మీద కూడా. దాని పోగులు మోటరులోకి చేరి షార్ట్ చేస్తాయి. 1950 నుంచి వచ్చిన మాగ్నెట్రాక్షన్ ఇంజిన్ల చక్రాలకు అయస్కాంతం ఉంటుంది, వాటికైతే పోగులు గడ్డంలా అంటుకుంటాయి.

అది విప్పి ఉన్నప్పుడే మల్టీమీటర్‌తో ఆర్మేచర్ చూసేయండి. మూడు రాగి ముక్కల మధ్య నిరోధాన్ని (ఓమ్‌లు) రెండేసి చొప్పున కొలిస్తే మూడు రీడింగులూ ఒకేలా ఉండాలి. ఒకటి తేడాగా ఉంటే ఆ చుట్టు తెగింది, లేదా షార్ట్ అయింది. ఏ ముక్క నుంచీ ఇరుసుకు కనెక్షన్ ఉండకూడదు. మోటరు నిజంగా పోయిందో లేదో తేల్చేది ఈ పరీక్షే, మిగతావన్నీ ఊహలు.

నూనె పరిమితంగా. ఆర్మేచర్ ఇరుసు రెండు చివర్లా ఒక్కో చుక్క, చక్రాల ఇరుసులకు ఒక్కో చుక్క, అదీ సూది మొనతో. గేర్ల పళ్లకు పల్చగా కొత్త గ్రీజు. కమ్యుటేటర్‌కు, ఈ-యూనిట్‌కు నూనె వద్దే వద్దు. డ్రమ్ము ఇరుక్కుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కడ్డీని పుల్లతో పైకీ కిందికీ ఆడించండి. డ్రమ్మును తాకే సన్నని రాగి వేళ్లు అరిగిపోయో విరిగిపోయో ఉంటే టక్ అంటుంది గానీ ఒక దిక్కులోనే నడుస్తుంది, లేదా అసలు నడవదు. వేళ్లూ డ్రమ్మూ కొత్తవి దొరుకుతాయి, కాకపోతే విప్పి బిగించడం ఓపిక పని. వైర్ల తొడుగు పెళుసైతే మెత్తని సన్నపోగుల వైరు వేయండి, టంకానికి రోజిన్ ఫ్లక్స్ వాడండి. ఆసిడ్ ఫ్లక్స్ తర్వాత తీగను తినేస్తుంది.

పట్టాల గురించి క్లుప్తంగా. మధ్య పట్టా కింద స్లీపరు దగ్గర ఉండే, కరెంటును అడ్డే నల్లని ఫైబరు ముక్క జారితే షార్టే. పట్టా చివర వదులైతే పిన్ను దగ్గర కరెంటు తగ్గి, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా వెళ్లేకొద్దీ రైలు నీరసపడుతుంది. పట్టకారుతో చివరను మెల్లగా నొక్కి బిగించండి, ప్రతి రెండు మీటర్లకూ ఒక జత వైర్లు కలపండి.

ఒక హెచ్చరిక. మూడు పట్టాలున్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. లయనెల్ 'ఓ' (O) గేజ్‌లో బయటి పట్టాల మధ్య దూరం 31.75 మి.మీ., నడిచేది ఏసీ మీద. 1938లో వచ్చిన బ్రిటిష్ బొమ్మ రైళ్లు హార్న్‌బీ డబ్లోవి కూడా మూడు పట్టాలే, కానీ దూరం 16.5 మి.మీ., 12 వోల్టుల డీసీ. దానికి ఏసీ ఇస్తే మోటరు తిరగదు, వణుకుతుంది, మాగ్నెట్ బలం పోతుంది. లయనెల్‌కు డీసీ ఇస్తే మాత్రం నడుస్తుంది. టెండర్‌లో (ఇంజిన్ వెనక ఉండే బొగ్గు బండిలో) విజిల్ ఉంటే మటుకు అది ఆగకుండా కూస్తుంది, ఎందుకంటే ఏసీలో కలిసే కాస్త డీసీయే విజిల్ రిలేకు సంకేతం.

రంగు వేయించమని ఎవరైనా చెబితే వినకండి. గీతలున్న అసలు పెయింటుకున్న విలువ కొత్త రంగుకు ఉండదు, పైగా పాత పెయింటులో సీసం ఉండొచ్చు, గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి పీలుస్తారు. అదే పెట్టెలో 1930ల నాటి బోగీలో చక్రాలో ఉంటే పోత భాగాలను వెలుతురులో చూడండి. జింకు పోతలో సీసం కలిస్తే అది లోపలి నుంచి ఉబ్బి, సాలెగూడులా పగుళ్లు వస్తాయి. దానికి మందు లేదు, జిగురు పెట్టినా నిలవదు. ఆ భాగాన్ని మార్చడమే దారి.

అన్నీ బిగించాక 8 వోల్టుల దగ్గర మొదలుపెట్టి, బోగీలు లేకుండా ఐదు నిమిషాలు ముందుకు, ఐదు నిమిషాలు వెనక్కు తిప్పండి. బ్రష్‌ల దగ్గర చిన్న నీలి మెరుపులు మామూలే. చుట్టూ వలయంలా నిప్పురవ్వలొస్తే ఆపి గాడులు మళ్లీ శుభ్రం చేయండి. అప్పటికీ కదలకపోతే క్యాబ్ మీది నంబరు, ఆ మూడు రీడింగులు ఇక్కడ రాయండి.