ముందు నర్సుకు ఇల్లు, ఆ తర్వాతే దవాఖాన

"మారుమూల గూడేల్లో చిన్న దవాఖానలు పెడితే మూతపడకుండా నడవాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. ముందు నర్సుకు ఇల్లు కట్టండి, దవాఖాన తర్వాత కట్టొచ్చు. బిల్డింగుల గురించి, డాక్టర్ల గురించి అందరూ మాట్లాడతారు. చీకటి పడ్డాక అక్కడ ఎవరుంటారని మాత్రం ఎవరూ అడగరు.

మాది ములుగు జిల్లా, ఏటూరునాగారం దాటి బాగా లోపలికి. ఒక వానాకాలం పొద్దుగూకే వేళ పత్తి చేను నుంచి వస్తుంటే మా బావను రక్తపింజరి కరిచింది. వాగు పొంగి రోడ్డు మీద పారుతోంది. 108 బండి వచ్చింది గానీ అవతలి ఒడ్డునే ఆగిపోయింది. పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇవతలే ఉంది, కానీ అది పగటి దవాఖాన. డాక్టర్ సాయంత్రమే హనుమకొండ వెళ్లిపోయాడు.

ఉన్నది సిస్టర్ ఒక్కతే. క్వార్టర్‌లో బోరు మోటారు కాలిపోయి నీళ్లు రాకపోవడంతో మా గల్లీలో గది కిరాయికి తీసుకుంది. అదే మా బావ అదృష్టం. ఆమె వచ్చి పొడి గాజు సీసాలోకి కొంచెం రక్తం తీసి కదపకుండా బల్ల మీద పెట్టింది. 20 నిమిషాలు ఆగాలట. ఆలోపు గడ్డకట్టకపోతే విషం రక్తానికి ఎక్కినట్టే. అక్క ఏడుస్తోంది. "ఇంకా సూది ఇయ్యరేంది" అని ఒకరు, మంత్రం వేయిద్దామని ఇంకొకరు. ఆమె గడియారం మీంచి చూపు తిప్పలేదు. టైమ్ అయ్యాక సీసా వంచితే రక్తం నీళ్లలా జారింది.

విషానికి విరుగుడు మందు స్టోర్‌లోనే ఉంది. తాళంచెవి మాత్రం ఫార్మసిస్టు జేబులో ఊరు దాటింది! "పగులగొట్టు తమ్మీ, రేపు నేను జవాబు చెప్పుకుంటా" అంది. గడ్డపారతో నేనే కొట్టాను. పది సీసాల పొడి మందు కలిపి సెలైన్‌లో ఎక్కించింది. డాక్టర్ ఫోన్‌లోనే ఉండి ఒక్కొక్కటీ చెప్పాడు, ఆ మాట కూడా చెప్పాలి. ఆ రాత్రి టవర్ పనిచేయడమే గొప్ప. తెల్లారి వాగు తగ్గాక వరంగల్‌లోని ఎంజీఎం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. కొన్నాళ్లకు బావ తన కాళ్ల మీద తను నడిచి ఇంటికొచ్చాడు.

తాళం పగిలినందుకు సిస్టర్‌కు మెమో ఇచ్చారు.

మైదానంలో 30 వేల మందికి, ఏజెన్సీలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ అని లెక్క. సబ్‌సెంటర్ అయితే 5 వేలకు, 3 వేలకు. అడవిలో జనాభా లెక్క ఎందుకండీ? పదిహేను ఇళ్ల గుత్తికోయ ఆదివాసీల గూడెం నుంచి జ్వరం పిల్లను భుజాన వేసుకుని ఎంతసేపు నడవాలో లెక్కేయాలి. తాడ్వాయి మండలం పోచాపూర్‌లో కంటైనర్ దవాఖాన పెట్టారు, మంచిదే. అందులోనూ మనిషి ఉంటేనే పని.

డాక్టర్ చదువు లేకుండా ఊళ్లో వైద్యం చేసే ఆర్ఎంపీలను తిట్టేవాళ్లు ఒకటి గమనించాలి. జ్వరమంటే గ్లూకోజ్ ఎక్కించే అలవాటు నాకూ నచ్చదు. కానీ అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది ఆయనే. హైదరాబాద్ నుంచి ఆదివారం క్యాంపుకొచ్చి, బీకాంప్లెక్స్ గోలీలు పంచి, ఫొటోలు దిగి వెళ్లేవాళ్లకంటే ఆయనే నయమని మా ముసలోళ్లు అంటే కాదనలేను.

కరెంటంటారా, గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో వందల పీహెచ్‌సీలకు సోలార్ పెట్టారు. ఇక్కడా పెట్టొచ్చు. టీకాల ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, గాలివానకు రెండు రోజులు కరెంటు పోతే ఏం చేస్తారు? ప్లేట్లు కొనడానికి డబ్బులొస్తాయి, ఓపెనింగ్ ఉంటుంది కాబట్టి. బ్యాటరీ మార్చడానికి ఎవరూ ఇవ్వరు, దానికి రిబ్బన్ కట్ చేయడం ఉండదుగా.

గూడెంలోనే పుట్టి నర్సింగ్ చదివిన కోయ అమ్మాయిలున్నారు. వాళ్లకు ఉద్యోగం సొంత మండలంలో ఇస్తే సగం బాధ తీరుతుంది. పేషెంటు తన భాషలో నొప్పి చెప్పుకుంటాడు, ఆమెకూ హనుమకొండ బస్సు మీద ధ్యాస ఉండదు.

మా సిస్టర్‌కు తర్వాత జనగామ వైపు బదిలీ అయింది. క్వార్టర్ మోటారు ఇంకా బాగుచేయలేదు. కొత్తగా వచ్చినామె రోజూ ములుగు నుంచి వస్తోంది. నాలుగింటి బస్సు పోతే మళ్లీ బస్సు లేదని మూడున్నరకే రిజిస్టర్లు సర్దేస్తుంది. ఆమెనేం అంటాం?