డబ్బు మీది, డొమైన్ అతని పేరున

ప్రశ్న: నేను, మా వారు కలిసి చిన్న వ్యాపారం చేస్తున్నాం. నాలుగేళ్ల కింద మా వారి స్నేహితుడొకడు మాకు వెబ్‌సైట్ తయారుచేసి పెట్టాడు. ఇంట్లో మనిషిలా తిరిగేవాడు, నన్ను వదినా అని పిలిచేవాడు. అందుకే కాగితాలేవీ రాసుకోలేదు. అడిగినప్పుడల్లా ఫోన్‌లో డబ్బు పంపేవాళ్లం. డొమైన్ (సైట్ చిరునామా) కొనడం, సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్, ఆన్‌లైన్ ప్రకటనలు, మ్యాప్‌లో మా వ్యాపారం పేరు పెట్టడం, అన్నీ అతనే చూసుకున్నాడు. రెండున్నరేళ్ల కింద డొమైన్ మా పేరు మీదకు మార్చమంటే “ఇప్పుడెందుకు వదినా, మీ సైట్ నేను చూసుకుంటున్నాగా” అని మెసేజ్ పెట్టాడు. నిరుడు పని సరిగ్గా చేయడం లేదని మెయింటెనెన్స్ డబ్బు ఆపేశాం. ఎనిమిది నెలల కింద “డొమైన్ నాది, కావాలంటే కొనుక్కోండి” అంటూ మేం ఇచ్చుకోలేనంత అడిగాడు. ఇప్పుడు సైట్ తెరిస్తే ఖాళీ పేజీ వస్తోంది. ఆర్డర్లు పడిపోయాయి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మధ్యలో ఫోన్ మార్చినప్పుడు పాత చాట్ అంతా పోయింది. అతని పాస్‌వర్డ్ మా తమ్ముడికి తెలుసు. లోపలికి వెళ్లి మన పేరు మీదకు మార్చేసుకుందాం అంటున్నాడు. నమ్మించి గొంతు కోసిన ఇతని మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా?

– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ కేసును తేల్చేది ఒకే ఒక్క ప్రశ్న. ఆ డొమైన్ కొన్న రోజున అతను తన కోసం కొనుక్కున్నాడా, మీ తరఫున మీ డబ్బుతో కొన్నాడా? అతను ఎంత నమ్మకద్రోహి, మీరు ఎంత బాధపడ్డారు అన్నది కోర్టు ముందు రెండో మాట.

డొమైన్ అమ్మే సంస్థను రిజిస్ట్రార్ అంటారు. వారి పుస్తకాల్లో రిజిస్ట్రెంట్‌గా ఎవరి పేరు ఉంటే వారినే హక్కుదారుగా చూస్తారు. డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో వారు విచారించరు, విచారించమని మీరు ఎన్ని మెయిళ్లు పెట్టినా లాభం లేదు. కాబట్టి పేరు అతనిదైనా, అతను మీ ఏజెంటుగానే ఆ పని చేశాడని మీరు రుజువు చేయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెన్సీకి రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలని లేదు. నడిచిన వ్యవహారాన్ని బట్టి కూడా అది ఏర్పడుతుంది (186, 187 సెక్షన్లు). ఏజెంటు యజమానికి తెలియకుండా ఆ పనిని సొంత లెక్కలో చేసుకుంటే, దానివల్ల వచ్చిన లాభాన్ని యజమాని అడిగి తీసుకోవచ్చని 216వ సెక్షన్ చెబుతుంది. మీ దావాకు పునాది ఇక్కడుంది.

ఇక సాక్ష్యం. “మీ సైట్ నేను చూసుకుంటున్నాగా” అన్న ఆ మెసేజ్ ఉంది చూశారూ, మీ దగ్గర ఉండాల్సిన అన్నిటికన్నా విలువైన కాగితం అదే. అందులో అతను “నా సైట్” అనలేదు. మీది అని, తాను చూసుకుంటున్నానని ఒప్పుకున్నాడు. దాన్ని మీరు ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకున్నారు! ఈ అజాగ్రత్తను నేను తేలిగ్గా తీసుకోలేను. వ్యాపారం చేసేవారికి చాట్ అంటే కబుర్లు కాదు, అదే బిల్లు పుస్తకం, అదే ఒప్పందం. మీ వారి ఫోన్‌లో, పాత హ్యాండ్‌సెట్‌లో, మెయిల్‌కు అనుసంధానమైన బ్యాకప్‌లో ఈ రోజే వెతకండి. పాత హ్యాండ్‌సెట్ బీరువాలో ఉంటే దాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి. దొరికితే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఆ ఫోన్ ఎవరి ఆధీనంలో ఉందో వారు సంతకం చేసేది, రెండోది నిపుణుడు సంతకం చేసేది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలుకు ఈ ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో, పాత చట్టంలోని 65బి సెక్షన్ మీద, తేల్చి చెప్పింది.

చాట్ దొరక్కపోయినా దారి మూసుకుపోలేదు. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ వారి డొమైన్ లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొట్టండి. 2018 నుంచి యజమాని పేరు సాధారణంగా దాచే ఉంచుతున్నారు గానీ రిజిస్ట్రార్ ఎవరు, డొమైన్ ఏ తేదీన పుట్టింది, ఎప్పుడు గడువు తీరుతుంది అన్నవి కనిపిస్తాయి. ఆ పుట్టిన తేదీని మీ బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టండి. దానికి ఒకటి రెండు రోజుల ముందో, అదే రోజో మీ ఖాతా నుంచి అతనికి డబ్బు వెళ్లి, నోట్‌లో డొమైన్ అన్న మాట గనక ఉంటే మీ కేసు సగం నిలబడినట్టే. ప్రతి ఏడాదీ రెన్యువల్ తేదీల దగ్గర కూడా ఇలాగే చూడండి. స్టేట్‌మెంట్‌ను బ్యాంకు నుంచే ధ్రువీకరించి తీసుకోండి. వెబ్ పేజీల పాత నకళ్లు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో మీ సైట్ పాత రూపాలు దొరికితే వాటినీ భద్రపరచండి. మీ వ్యాపారం పేరు, మీ ఫోన్ నంబరు ఆ పేజీల మీద ఉండటం, సైట్ ఎవరి కోసం నడిచిందో చెబుతుంది.

మీరు పట్టించుకోని ప్రమాదం ఒకటుంది, మెయింటెనెన్స్ డబ్బు ఆపేయడం. ఏజెంటుకు రావాల్సిన బాకీ తీరేవరకు యజమాని ఆస్తిని తన దగ్గర అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 221వ సెక్షన్ ఇస్తుంది. రేపు అతని లాయరు తప్పకుండా ఈ సెక్షన్ ఎత్తుతాడు. కాబట్టి నిజంగా చేసిన పనికి ఎంత బాకీ ఉందో లెక్క చూసి, ఆ మేరకు బ్యాంకు ద్వారా చెల్లించండి. “మా హక్కులకు భంగం లేకుండా చెల్లిస్తున్నాం” అని అదే రోజు మెయిల్ పెట్టండి. కోపంలో ఆపిన చిన్న మొత్తం అతని చేతికి పెద్ద ఆయుధమవుతుంది. అతను అడిగే డొమైన్ వెల మాత్రం ఇవ్వకండి.

దావా వేసే గడువు (లిమిటేషన్) సంగతి మరీ ముఖ్యం. డొమైన్ నాలుగేళ్ల కిందటిదని భయపడకండి. ఇచ్చేస్తానన్న తేదీ ఏదీ మీ మధ్య లేనప్పుడు, అతను నిరాకరించినట్టు మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు లెక్కపెడతారు. 1963 లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ సారం అదే. “ఇప్పుడెందుకు వదినా” అన్నది వాయిదా, నిరాకరణ కాదు. “డొమైన్ నాది” అన్నది నిరాకరణ. మా వాదన అలా సాగుతుంది. అవతలి వైపు మాత్రం మొదటి మెసేజ్‌నే నిరాకరణ అంటుంది. కోర్టు దాన్ని ఒప్పుకుంటే మీకు మిగిలింది ఆరు నెలలే. అందుకని ఆరు నెలలే ఉన్నాయనుకుని నడవండి. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఆగదు, దావా వేసిన రోజే లెక్క.

మీ తమ్ముడి మాట దగ్గరకు వస్తున్నాను. ఆ పాస్‌వర్డ్ జోలికి వెళ్లవద్దు. డొమైన్ మీదే అనుకున్నా, ఆ ఖాతా అతనిది. అనుమతి లేకుండా అందులోకి వెళ్లి మార్పులు చేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు కలిపి మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వేరొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడారని 66సి కూడా జోడిస్తారు. పైగా లాగిన్ అయిన సమయం, ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి అన్నది రిజిస్ట్రార్ దగ్గర నమోదై ఉంటుంది. ఈ రోజు బాధితురాలిగా ఉన్న మీరు రేపు నిందితురాలవుతారు, తమ్ముడు మొదటి ముద్దాయి. ఇన్నాళ్లూ ఏ సాక్ష్యమూ లేని అతనికి చేతులారా సాక్ష్యం తయారుచేసి ఇచ్చినట్టవుతుంది.

డొమైన్ గడువు తీరాక మనమే కొనుక్కుందాం అని కూర్చోవడం కూడా తప్పే. డాట్ కామ్ లాంటి డొమైన్ గడువు తీరగానే బజారులో పడదు. రిజిస్ట్రార్ కొంతకాలం ఆగుతాడు, ఆ లోపే వేలం వేసేవారూ ఉన్నారు. తొలగించాక 30 రోజులు తిరిగి పొందే అవకాశం పాత హక్కుదారుకే ఉంటుంది, ఆ పైన 5 రోజులకు ఎవరికి దొరికితే వారిది. ఇలాంటి పేర్ల కోసం యంత్రాలతో కాచుకు కూర్చునేవారు ఉంటారు.

చీటింగ్ కేసు విషయం క్లుప్తంగా చెబుతాను. మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపిస్తేనే అది నిలబడుతుంది. ఏళ్ల తరబడి సైట్ నడిపినవాడి మీద ఆ ఉద్దేశం రుజువు చేయడం కష్టం. సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పూయవద్దని కోర్టులు పదేపదే చెబుతున్నాయి. ఆ దారిలో మీ ఆరు నెలలూ కరిగిపోతాయి.

చేయాల్సింది సివిల్ దావా. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు, డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు లక్షణాలు ఉండవచ్చని, పాసింగ్ ఆఫ్ (ఒకరి వ్యాపారం పేరుతో మరొకరు చలామణి కావడం) సూత్రాలు వర్తిస్తాయని చెప్పింది. పాసింగ్ ఆఫ్‌కు ట్రేడ్‌మార్కు రిజిస్టర్ అయి ఉండక్కర్లేదు. డొమైన్ కన్నా ముందే ఆ పేరుతో మీరు వ్యాపారం చేశారని చూపే బిల్లులు, జీఎస్టీ కాగితాలు, పాత బోర్డు ఫొటోలు తీసి పెట్టండి. ట్రేడ్‌మార్కు దరఖాస్తు కూడా ఇప్పుడే వేయండి, వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఫీజు సగమే. దావాలో రిజిస్ట్రార్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాలి. డొమైన్‌ను అమ్మకుండా, తొలగించకుండా మధ్యంతర ఉత్తర్వు అడగాలి. కొనుగోలు రికార్డులు కోర్టు ముందు పెట్టమని రిజిస్ట్రార్‌ను ఆదేశించమనాలి. దావా విలువ 3 లక్షల రూపాయలకు తగ్గకపోతే అది వాణిజ్య కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వు అడగని దావాలకు అక్కడ ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, ఆ కాలాన్ని మాత్రం లిమిటేషన్‌లో లెక్కించరు.

యూడీఆర్పీ అనే అంతర్జాతీయ ఫిర్యాదు పద్ధతి ఒకటుంది. కానీ అందులో డొమైన్‌ను కొన్న రోజునే చెడు ఉద్దేశం ఉందని చూపాలి. మీరు చెప్పి కొనిపించారు కాబట్టి మీ కథ అక్కడ ఇమడదు.

సైట్‌లో ఉన్నదంతా మీదే అనుకోకండి. రాసిన కోడు, డిజైను మీద కాపీరైట్ సంతకంతో రాసివ్వనిదే తయారుచేసినవాడిదే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ కింద మీవి. కొత్త సైట్ కట్టించాల్సి వస్తే ఆ ఫొటోలు ధైర్యంగా వాడుకోండి, పాత కోడును కాపీ కొట్టించకండి.

కోర్టు మెట్లెక్కే ముందు ఒక్క ప్రయత్నం చేసి చూడండి. లాయరు ద్వారా పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇప్పించండి. అందులో డొమైన్‌ను వేరే రిజిస్ట్రార్‌కు తరలించమని కాకుండా, అదే రిజిస్ట్రార్ దగ్గర మీ ఖాతాలోకి, మీ పేరు మీదకు మార్చమని అడగండి. ఇది త్వరగా అయ్యే పని. వేరే రిజిస్ట్రార్‌కు మారాలంటే, పేరు మార్పు తర్వాత 60 రోజుల తాళం పడే అవకాశం ఉంది. మ్యాప్‌లోని వ్యాపార ప్రొఫైల్, ప్రకటనల ఖాతా, సైట్ ఫారం ద్వారా అతని మెయిల్‌కు వెళ్లిన ఎంక్వైరీలు కూడా పేరుపేరునా రాసి అడగండి. పదహారో రోజు పొద్దున దావా కాగితాలు సిద్ధంగా ఉండాలి. నోటీసుకు ముందే లుకప్ పేజీని ప్రింట్ తీసి, తేదీ, సమయం వేసి, లాయరు ఫైలులో పెట్టించండి.